వేళ్లకు పూసిన మట్టి

ఆకుకూర కొనేటప్పుడు నేను ముందు చూసేది ఆకుల్ని కాదు, వేళ్లను. తడిమట్టి ఉంటే పొద్దున పీకిన కట్ట అని అర్థం. తిరగేసి దులపందే ఏ కట్టనూ సంచిలో వేసుకోను. మా చాంద్రాయణగుట్ట గల్లీలో ఆడవాళ్లందరిదీ ఇదే పద్ధతి.

అలాంటి గల్లీలో మా తమ్ముడు మట్టే లేని పాలకూర పండించాడు. పనిచేసే కంపెనీ మూతపడ్డాక చాలా రోజులు మా పైగదిలో ఖాళీగా ఉన్నాడు. చివరికి అఫ్జల్‌గంజ్ నుంచి పైపులు మోసుకొచ్చి, మిద్దె మీద బిగించి, నీళ్లలోనే పెంచాడు. మొదటి కట్టను రెండు చేతులా తెచ్చి నాకిచ్చాడు. వేళ్లు ఉడికిన సేమియాలా తెల్లగా ఉన్నాయి.

గడపలో బుట్ట పెట్టుకుని అమ్మే పని నాది. వచ్చినవాళ్లు కట్టను తిరగేసి, మళ్లీ బుట్టలో పడేసేవారు.

"మన్ను ముట్టని కూరల ఏం రుచి ఉంటది వదినా?" అంది పక్కింటామె.

"మందునీళ్లల్ల పెంచిండ్రంట. పిల్లలకెట్ల పెడ్తం?" అంది ఇంకొకామె. పిల్లల చేతికి రోజూ రంగునీళ్ల సీసా ఇచ్చేది ఆవిడే! నాకు ఒళ్లు మండిపోయింది.

సాయంత్రానికి వాడిన కట్టల్ని తమ్ముడు ఎదురింటి గేదెలకు వేసి వచ్చేవాడు. వాడి ముఖం చూడలేకపోయాను. నాలుగో రోజు బంతిపూల కుండీలో మట్టి తీసి, తడిపి, ప్రతి కట్ట వేళ్లకూ పూశాను. గంటలో బుట్ట ఖాళీ. పక్కింటామె రెండు కట్టలు తీసుకెళ్లింది.

"నమ్మిండ్రక్కా! నేను జెప్పలే?" అని వాడు నవ్వాడు. ఎన్నాళ్లకో చూసిన నవ్వు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. పది రోజులు అలా పూస్తూనే ఉన్నాను.

ఒక పొద్దున నేను స్నానానికి వెళ్తే వాడే బుట్ట పట్టుకుని కూర్చున్నాడు. పక్కింటామె తెల్లవేళ్లు చూసి, "గిదేంది? మీ అక్క అమ్మే మట్టికూర లేదా?" అని అడిగిందట. నేను వచ్చేసరికి వాడు బంతి కుండీ ముందు నిలబడి ఉన్నాడు. అందులో మట్టి సగానికి దిగిపోయింది.

కోప్పడినా బాగుండేది.

"వాళ్ల సంగతి ఇడిసిపెట్టు. నాకు వడ్డిస్తవ్ గని, నువ్వొక్కసారన్నా తిన్నవా అక్కా?" అన్నాడు.

ఒక్కసారి కూడా తినలేదు. గల్లీనంతా తిట్టుకున్న నేనే గురివింద గింజను. వాడు మిద్దె మీద ఉండగా బండివాడి దగ్గర మట్టికూర కొని, పప్పులో వేసి, నీ పాలకూరే అని వాడికి వడ్డించేదాన్ని. "మన కూర మస్తుందక్కా" అంటూ వాడు మారు వడ్డించుకునేవాడు.

ఆ వారమే పైపులు విప్పేశాడు. మిగిలిన ఒక్క కట్టను ఆ రోజు పప్పులో వేశాను. నిజంగా బాగుంది. ఆ మాట వాడికి చెప్పాలని ఇప్పటికీ అనిపిస్తుంది. చెప్పాలంటే, అన్నాళ్లూ వాడు తిన్నది ఏ కూరో కూడా చెప్పాలి.