చివరిసారి ఎవరి చెయ్యి పడింది?

ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. గుంటూరు వైపు నుంచి జహీరాబాద్ వచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఏ ఇంజిన్ మొరాయించినా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: "దీని మీద చివరిసారి ఎవరి చెయ్యి పడింది?" జవాబు చెప్పలేక నా ఎదుట నిలబడి నీళ్లు నమిలినవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ మాట కాస్త గర్వంగానే చెబుతున్నాను.

కిందటేడు నా కారుకు కంపెనీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీయించి, బయట దొరికే గరాటు ఆకారపు ఫిల్టర్ వేయించాను. బండి ఇంకాస్త ఊపుగా లాగుతుందని ఆశ. చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన షెడ్డు పెట్టుకున్న మెకానిక్ దాన్ని బిగించాడు. "ఈ దుమ్ముల గిది ఎందుకు సార్, పాతదే మంచిగున్నది" అని అతను చెప్పినా వినలేదు. ఇంజిన్ల గురించి నాకే చెప్పొచ్చాడు అనుకున్నాను.

నెలన్నర బాగానే నడిచింది. తరువాత ఒక రోజు డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుపు లైటు వెలిగింది. ఆక్సిలరేటర్ తొక్కితే బండి కుదుపులిస్తోంది. బానెట్ ఎత్తకుండానే తీర్పు ఇచ్చేశాను: ఫిల్టర్ గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపు సరిగా బిగించలేదు, సందులోంచి గాలి లీకవుతోంది. ఆ మాట నాలో ఉంచుకోక క్యాంటీన్‌లో మా బల్ల దగ్గర పదిమందికీ చెప్పాను. తప్పులు పట్టేవాణ్ని కదా, అందరూ నమ్మారు.

ఆదివారం పొద్దున షెడ్డుకు వెళ్లాను. "ఏమయ్యా, క్లాంపు బిగించడం కూడా రాదా నీకు?" అన్నాను, కారు దిగీ దిగకముందే.

అతను బానెట్ ఎత్తాడు. స్కానర్ తగిలించి చూశాడు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే సెన్సర్ తప్పు లెక్క చూపుతోందట. స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి క్లాంపులు నన్నే చూసుకోమన్నాడు. రెండూ బిగుతుగా ఉన్నాయి. బలమంతా పెట్టినా కదల్లేదు. అప్పుడు సెన్సర్ విప్పి ఎండలో పట్టుకున్నాడు. దాని లోపలి వెంట్రుకంత తీగ మీద నూనె జిడ్డు. గొట్టం లోపల వేలు పెట్టి తీస్తే వేలికీ నూనే.

"మీ ఫ్యాక్టరీల ఒక మాట అడుగుతరంట గద సార్. ఈ ఫిల్టర్ మీద ఆఖరికి ఎవరి చెయ్యి వడ్డది?"

నాదే. చెరకు లారీల దుమ్ము పట్టిందని రెండు వారాల కిందట ఇంట్లో నేనే ఫిల్టర్ కడిగి నూనె పట్టించాను. నూనె కొద్దిగా చాలని దాని పెట్టె మీద రాసే ఉంది. పాత ట్రాక్టర్లలో గాలి నూనె గిన్నె మీదుగా వెళ్లి శుభ్రపడుతుంది. నూనె తగ్గితే దుమ్ము లోపలికి పోతుంది. ఆ అలవాటుతోనే ఫిల్టర్‌ను తడిసి ముద్దయ్యేలా నూనెలో నానబెట్టాను. ఎక్కువైన ఆ నూనే గాలితో పాటు వెళ్లి సెన్సర్ తీగకు అంటింది. ఈసారి నీళ్లు నమలడం నా వంతయింది.

అతను సెన్సర్‌ను స్ప్రేతో కడిగి ఆరబెట్టాడు. నా పాత డబ్బాను కవరు చుట్టి భద్రంగా దాచి ఉంచాడు. దాన్నే మళ్లీ బిగించాడు. స్కానర్‌తో పాత తప్పు చెరిపేసి స్టార్ట్ చేస్తే లైటు లేదు.

"తప్పు నాదేనండి, క్షమించండి" అన్నాను.

"తప్పు ఎవలతోనైనా అయితది సార్. గని నాలుగు దినాల సంది మీ ఫ్యాక్టరీ కాలనీ బండి ఒక్కటి గూడ వస్తలేదు. నాకు క్లాంపు బిగియ్యరాదంట. ఈ మాట నాకు గాదు, మీ క్యాంటీన్ల చెప్పున్రి."

సోమవారం అదే బల్ల, అదే పదిమంది. "ఏమైంది, ఆ మెకానిక్‌ను గట్టిగా అడిగారా?" అన్నారొకరు.

ఇంజిన్ల దగ్గర తప్పు దొరికినవాళ్లు నా ఎదుట నిలబడినట్టే లేచి నిలబడ్డాను. "క్లాంపులు గట్టిగానే ఉన్నాయి. చివరిసారి పడింది నా చెయ్యే" అన్నాను, పక్క బల్లలకు కూడా వినపడేలా.