పొట్టేలుకు పెట్టిన సలాం

ఇస్త్రీ చేసిన తెల్లబట్టల గంజివాసన నన్నెప్పుడూ ఇంత నవ్వించలేదు. మా చిన్నవాడు కరాటేలో చేరి, కొత్త బట్టలు తొడుక్కుని, ఎదురుగా ఉన్న ఇనుప బీరువాకు నడుం వంచి నమస్కారం చేసి, ఆ తర్వాత దాన్ని తన్నాడు. బీరువాకు ఏమీ కాలేదు. వాడి బొటనవేలు గోలీకాయంత వాచింది. తన్నేదానికి దండమెందుకురా అని అడిగితే, "అది పద్ధతి డాడీ" అన్నాడు. ఆ మాట వినగానే నలభై ఏళ్లుగా నా నడుములో పడుకుని ఉన్న నొప్పి ఒకటి లేచి కూర్చుంది.

మా ఊరు వేములవాడకు నాలుగు కోసుల దూరం. నిజాం సర్కారు పోయి నాలుగైదేళ్లయినా పెద్దవాళ్లు పాత నిజాం రూపాయి హాలీ సిక్కా లెక్కలే చెప్పుకుంటున్న రోజులవి. బాసరలో సరస్వతమ్మ ముందు బియ్యంలో అక్షరాలు దిద్దించినా నాకు చదువు అంటలేదు. "గీనికి అచ్చరం అంటెటట్టు లేదు, మన్నన్న అంటనీ" అని మా బాపు నన్ను తాలీంలో చేర్చాడు. తాలీం అంటే కుస్తీ, కర్రసాము నేర్పే పాక. నడుమ ఎర్రమట్టి తవ్వి, జల్లెడ పట్టి, అందులో పసుపు, నువ్వుల నూనె, పులిసిన మజ్జిగ, దంచిన వేపాకు కలిపి పిసికేవాళ్లు. వానాకాలం ఆ మట్టి పెరుగన్నంలా చల్లగా ఉండేది, ఎండాకాలం దాని వాసనకే ఆకలయ్యేది. చలికాలం తెల్లవారుజామున దండాలు, బస్కీలు తీసి తీసి ఇంటికి వస్తే, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ వేడివేడి జొన్నరొట్టె మీద వెల్లుల్లి కారం రాసి చేతిలో పెట్టేది; ఆ రొట్టె కోసమైతే నేను ఏనుగుతోనైనా కుస్తీ పట్టేవాణ్ణి.

తాలీంకు పెద్ద రాజలింగు ఉస్తాద్. ఆయన తుమ్మితే పక్కింటి కోళ్లు గుడ్లు పెట్టేవని ఊళ్లో అనుకునేవాళ్లు. నేను రెండు గుడ్లు స్వయంగా చూశాను. ఆయన దగ్గర రెండే కట్టుబాట్లు. ఎదుటివాడు ఎవడైనా సరే, ముందు నడుం వంచి, తల దించి, చిటికెడు మట్టి తీసి నొసట పెట్టుకుని సలాం చెయ్యాలి. రెండోది, ఎవరికీ వీపు చూపించకూడదు. "వీపు సూపెట్టినోడు మల్ల నా తాలీంల అడుగు పెట్టొద్దు" అనేవాడు. ఆ ఏడు దసరాకు జమ్మిచెట్టు దగ్గర చేసే కర్రసాములో ఉస్తాద్ పక్కన నిలబడే చోటు నాకు దొరికింది. పన్నెండు మందిలో చిన్నవాణ్ణి నేనే. ఆ సంతోషంతో కర్రను పక్కలో వేసుకుని పడుకునేవాణ్ణి.

నా సంతోషానికి ఎదురువచ్చింది పటేలు పొట్టేలు. దాని పేరు బాద్షా. పందేల కోసం నానబెట్టిన ఉలవలు, బెల్లం పెట్టి పెంచారు. కొమ్ములకు ఎర్రమట్టి రంగు జాజు పూసేవాళ్లు. బతుకమ్మ పండుగ మొదలైన రోజు అది తాడు తెంపుకుని, నేను తాలీంకు వెళ్లే సందులో నిలబడింది. నేను శిష్యుణ్ణి గదా, కట్టుబాటు తప్పుతానా? నడుం వంచి, తల దించి, మట్టి కోసం చెయ్యి చాచాను. తల దించడమంటే పొట్టేళ్ల లోకంలో "రా చూసుకుందాం" అనడమని ఉస్తాద్ మాకు చెప్పలేదు. ఆయనకూ తెలియదు. నేను గాల్లో ఎంత ఎత్తుకు లేచానంటే నాలుగు కోసుల దూరంలోని వేములవాడ గుడి గోపురం కళ్లారా కనిపించింది. దండం పెట్టుకుని కిందికి దిగాను, ఎవరిదో జొన్నసొప్ప కుప్ప మీద.

పారిపోతే తాలీం పోతుంది. పారిపోకపోతే నడుం పోతుంది. తాలీంకు వేరే దారి లేదు, బాద్షా రోజూ తాడు తెంపుకుని ఆ సందులోకే వచ్చేది. నాలుగు రోజులు వరసగా సలాం చేశాను, నాలుగు రోజులు వరసగా సొప్పకుప్ప ఎక్కాను.

అయిదో రోజు మా లచ్చత్త నన్ను పట్టుకుంది. ఆమె మా బాపుకు అక్క. గాజుల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేది. బతుకమ్మకు ఆడపిల్లలందరూ కొత్త గాజులు వేసుకుంటారు కాబట్టి ఆ తొమ్మిది రోజులూ మా ఇంట్లోనే దిగేది. ఇల్లంతా గునుగుపూలు, తంగేడుపూలు, సత్తుపిండి వేపిన కమ్మటి వాసన, వాటి మధ్య అత్త గంపలో గాజుల గలగల. ఆ రోజు నా నడుముకు ఆముదం రాస్తూ మొత్తం కథ రాబట్టింది.

"ఓ అల్లుడా, గొర్రెకు దండం బెడితివా! గది ఉల్టా దీవెన వెట్టిందా?"

"నవ్వకు అత్తా. ఉరికితె ఉస్తాద్ ఎల్లగొడ్తడు."

"ఉరుకుమన్ననా? మీ ఉస్తాద్ మన్నుల వడుడు నేర్పిండు. నాకు వడకుంట ఉండుడు ఒచ్చు. ముప్పయేండ్ల సంది కుక్కలు, కోడెలు, కల్లు తాగినోళ్లు అందరు నా మీదికి ఒచ్చిండ్రు. ఒక్క గాజు పలగలే."

నడుం నొప్పి సాకుతో మూడు రోజులు తాలీంకు సెలవు పెట్టాను, పెరట్లో నాకు చదువు మొదలైంది. పాత గంపలో పగిలిన గాజుపెంకులు పోసి నా నెత్తిన పెట్టింది. ఆమె చీపురు పట్టుకుని పొట్టేలులా నా మీదికి వచ్చేది. కళ్లు దించకూడదు, వెనక్కి పోకూడదు, అది మీదికి వచ్చే చివరి క్షణంలో ఒక్క అడుగు పక్కకు వెయ్యాలి. గంపలో గలగల వినిపించిందా, ఓడినట్టే. మొదటిరోజు నా నెత్తిన పెళ్లి ఊరేగింపు పోతున్నట్టు మోగింది. మూడు రోజులు తిరిగేసరికి అత్త చీపురు పుల్లలన్నీ గోడకు తగిలి రాలిపోయాయి గానీ గంప మాత్రం మాట్లాడలేదు. అవ్వ మా ఇద్దరినీ చూసి నెత్తి కొట్టుకుంది. నాకు మాత్రం లోపల ఒకటే ఫికర్. పక్కకు జరగడం పారిపోవడం కిందికి వస్తుందా, రాదా? ఉస్తాద్‌ను అడిగే ధైర్యం లేదు.

దసరా వచ్చింది. పొద్దున పాలపిట్టను చూసి, గారెలూ మాంసం కూరా మెక్కి, సాయంత్రానికి ఊరంతా జమ్మిచెట్టు దగ్గర చేరింది. డప్పులు మోగుతున్నాయి. కొత్తబట్టల పిల్లలు తండ్రుల భుజాల మీద, ఆడవాళ్లు ఒక పక్క, వాళ్ల ముందు గంపతో లచ్చత్త. పటేలు కూడా ముచ్చటపడి బాద్షాకు పూలదండ వేసి తోలుకొచ్చాడు. పన్నెండుమందిమి వరసలో నిలబడ్డాం. ఉస్తాద్ ఒక అడుగు ముందుకు వేసి, నడుం వంచి, ఆ కొండంత తల దించి, మట్టి అందుకున్నాడు.

అందరి తలలూ వంగాయి. నేనూ వంగాను, కానీ అత్త నేర్పినట్టు కళ్లు పైకే ఉన్నాయి. బాద్షా తాడు పటేలు చేతిలోంచి జారిపోవడం కనిపించింది. సలాం మధ్యలో కదిలితే పారిపోయినట్టు లెక్కగట్టి తాలీం నుంచి గెంటేస్తారేమో. కదలకపోతే మా ఉస్తాద్ వేములవాడ గోపురం చూస్తాడు. నేను ఆయన నడుముకు కట్టిన పట్కా పట్టుకుని పక్కకు ఒక్క గుంజు గుంజాను. ఇద్దరం దొర్లాం. బాద్షా మా పక్కనుంచి ఉరుములా దూసుకుపోయి, డప్పులవాళ్లు పక్కకు దుంకగానే, జమ్మికొమ్మల్లో కొమ్ములు ఇరుక్కుని ఆగింది.

ఊరంతా పకపకా నవ్వింది. ఉస్తాద్ నవ్వలేదు. మట్టి దులుపుకుని లేచాడు.

"ఎవడ్రా నన్ను గుంజింది?"

"నేనే ఉస్తాద్."

"ఎవలు నేర్పిండ్రు గీ ఉరికే ఇద్దె?"

  చేతిలోని కర్రను ఆయన కాళ్ల దగ్గర పెట్టేద్దామని వంగుతుంటే గాజుల గలగల వినిపించింది. లచ్చత్త గంప దించకుండానే ముందుకు వచ్చింది.

"నేను నేర్పిన ఉస్తాద్. గది ఉరుకుడు గాదు."

"మరేంది అక్కా?"

"ఉరికితె మన ఈపు ఆనికి కనవడ్తది. పక్కకు జరిగితె ఆని ఈపే మనకు కనవడ్తది. అటు జూడు జర, ఈపు సూపెట్టింది ఎవలు?"

ఉస్తాద్ తిరిగి చూశాడు. జమ్మికొమ్మల్లో ఇరుక్కున్న బాద్షా, పూలదండ తోకదాకా జారి, మా పన్నెండుమందికీ తన బలిసిన వెనకభాగం చూపిస్తూ నిలబడి ఉంది. ఆయన మీసాలు ముందు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, ఆ తర్వాత వచ్చిన నవ్వుకు జమ్మి ఆకులు కొన్ని రాలాయని ఇప్పటికీ చెబుతాను. నమ్మకపోతే మీ ఇష్టం. ఆ రాలిన ఆకుల్లోంచే ఒకటి ఏరి ముందు మా అత్త చేతిలో పెట్టాడు. "అక్కా, నాకు గిది రాదు. నేర్పుతవా?" అన్నాడు.

మరుసటి వారమంతా మా తాలీంలో దండాల చప్పుడు లేదు. యాభై ఏళ్ల రాజలింగు ఉస్తాద్ నెత్తిన గాజుపెంకుల గంప పెట్టుకుని, ఊపిరి బిగపట్టి పక్కకు అడుగు వేస్తుంటే, చీపురు పట్టుకున్న మా అత్త "మోగింది, మల్ల" అనేది.

ఇప్పుడు ఆ పాక లేదు, ఆ మట్టిపిసికే చేతులు లేవు, పొట్టేళ్లు తిరిగే సందు కూడా లేదు. తాలీం ఉన్న చోట బస్సులు ఆగుతాయి. మొన్న ఊరికి వెళ్లి అక్కడ నిలబడితే, ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ నేరుగా జనం మీదికే వచ్చింది. అందరూ వెనక్కి ఉరికారు. నేను ఒక్క అడుగు పక్కకు జరిగి, అది దాటిపోయాక దాని వీపు తీరిగ్గా చూసుకున్నాను.