వంతెన కింది పట్టీలు

పాప తుమ్మినా భయపడే మనిషిని నేను. ఆ రోజు పటాన్‌చెరు దగ్గర ట్రాఫిక్‌లో మా బస్సు సరిగ్గా వంతెన మధ్యలో ఆగిపోయింది. ఎదురు వరసలో లారీ వెళ్లగానే వంతెన ఊగింది. పాపను ఎత్తుకుని దిగిపోదామని లేచాను.

"కూసో అక్కా, ఏం కాదు," అంది పక్క సీటు అమ్మాయి, ఒళ్లో ల్యాప్‌టాప్ తెరుస్తూ. "ఈ వంతెన కింద సెన్సార్ పట్టీలు అంటించింది మా ఇంజినీర్లమే. వంతెన వంగితే అవి జెర కరెంటు పుట్టిస్తయ్. గదే ఈ తెర మీద గీత లెక్క కనబడ్తది."

"ఇంత ఊగితే కూలిపోదా?"

"ఊగాలె అక్కా. ఊగి మళ్ల మొదటి జాగకు రావాలె. రాకుంటేనే పరేషాన్."

నా వేలు పట్టుకుని తెర మీది గీతకు ఆనించింది. ఇంకో లారీ వచ్చింది. కాళ్ల కింద వంతెన ఊగిన క్షణంలోనే గీత వేలిని దాటి పైకి లేచింది. లారీ పోగానే దిగివచ్చి, సరిగ్గా నా వేలి కిందే నిలిచింది. వేలు అక్కడే ఉంచి సీట్లో కూర్చున్నాను.

"ఇంకొకటి వస్తే బాగుండు," అన్నాను.

"ఇందాక దిగిపోనీకి లేసింది నువ్వేనా?" అని నవ్వింది.

బస్సంతా ట్రాఫిక్‌ను తిట్టుకుంటోంది. నేను మాత్రం పాపను కిటికీ దగ్గర నిలబెట్టి, ఇంకా పెద్ద లారీ కోసం చూస్తున్నాను.