తీసివేతలో మిగిలిన వెలుగు

ఒడిశాలోని కొరాపుట్‌లో పరిశోధన చేసే రోజుల్లో నేనూ, దామంజోడి నుంచి వచ్చిన నా స్నేహితురాలూ ఒకే గదిలో ఉండేవాళ్లం. వాళ్ల నాన్న అక్కడి అల్యూమినా ఫ్యాక్టరీలో టెక్నీషియన్. మాది రాయగడలో ఉల్లిపాయల హోల్‌సేలు దుకాణం. ఇద్దరం తెలుగువాళ్లం కావడంతో అన్నం, కష్టసుఖం, కంప్యూటరు అన్నీ కలిపే.

నక్షత్రాల మధ్య ఖాళీలో ఎలక్ట్రాన్లు దాదాపు కాంతివేగంతో పరుగెడుతుంటాయి. దారిలో వాయువుకు తగిలినా, నక్షత్రకాంతిని ఢీకొన్నా గామా కిరణాలు పుడతాయి. అందుకే పాలపుంత అంతటా మంచులా పరుచుకుని ఒక వెలుగు ఉంటుంది. అది ఎంత ఉండాలో ఆమె లెక్కకట్టేది. ఉపగ్రహానికి కనిపించిన దాంట్లోంచి నేను దాన్ని తీసేసేదాన్ని. ఒకచోట ఎంత తీసినా కొంత వెలుగు మిగిలింది. ఎవరికీ తెలియని కొత్తదేదో దొరికిందని నాకు కాళ్లు నేలమీద నిలవలేదు.

“నీ లెక్క సరిగ్గానే ఉందా?” అని అడిగాను.

“ఉందిలే అమ్మీ. నువ్వెళ్లి సెప్పు,” అంది.

చలికాలంలో భువనేశ్వర్‌లో సదస్సు. నేను చెప్పడం ముగించగానే ఒక పెద్దాయన లేచి, నక్షత్రకాంతి అంచనా ఎక్కడిదని అడిగారు. ఆమెవైపు చూశాను. తల దించుకుంది. ఇంతలో మా ఇద్దరి పరిశోధనకూ గైడైన సారు లేచారు. ఆ అంచనా పాతదన్నారు. కొత్తదానితో చేస్తే ఆ వెలుగు మిగలదనీ, ఆ పని ఆమె ఎప్పుడో పూర్తి చేసిందనీ చెప్పి వేదిక మీదికి పిలిచారు. ఆమె స్లయిడ్లు సిద్ధంగా ఉన్నాయి. మైకు ఆమె చేతికిచ్చి దిగిపోయాను.

టీల దగ్గర నిలదీశాను. “నీకెప్పుడు తెలిసిందే?”

“వానల్లోనే తెలిసింది. సారు నీకు సెప్పొద్దన్నారు. పుణెలో ఉన్నది ఒక్కటే ఉద్యోగం, సారు సెబితేనే ఇస్తారు. నానేటి సెయ్యను?”

“రోజూ నా పక్కనే కూర్చుని అన్నం తిన్నావు కదే!”

ఆమె కప్పు బల్ల మీద పెట్టి హాల్లోకి వెళ్లిపోయింది.

తిరిగొచ్చాక నేనే కొత్త అంచనాతో లెక్క వేశాను. ఎక్కడైనా తప్పు దొరకాలని కోరుకున్నాను. దొరకలేదు. వెలుగు మొత్తం పోయింది. పోతే పోయింది. నేను ఇంటికి ఫోన్ చేసి సంబరంగా చెబుతుంటే, పక్క మంచం మీద కూర్చుని ఆమె నవ్వడం గుర్తొచ్చి ఏడ్చాను.

ఉద్యోగం ఆమెకే వచ్చింది. పుణె వెళ్లిపోయింది. నేను కొరాపుట్‌లోనే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఈమధ్య సంతలో వాళ్లమ్మ కనిపించింది.

“ఏటమ్మీ, మా ఇంటికి రావడం మానేసేవేటి? నీకోసమని మామిడితాండ్ర తీసి ఉంచేను.”

కూతురు ఏమీ చెప్పలేదన్నమాట.

“కాలేజీ పని తెమలడం లేదు పిన్నీ,” అన్నాను. ఆవిడ చేతిలో సంచి బరువుగా ఉంటే అందుకుని, దామంజోడి బస్సు దాకా మోసుకెళ్లాను.