రాజయ్య కాక వీపు రుద్దింది ఎవరు?

నమ్మేవాళ్లు నమ్మండి, నవ్వేవాళ్లు నవ్వండి. మా అమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను... ఇందులో నేను కల్పించింది ఒక్క ముక్క కూడా లేదు. దీన్ని ఇంతకు ముందు కొందరికి చెప్పాను. మొదట్లో చెప్పిన ప్రతిసారీ ఒక మాట మింగేశాను. ముందు ఆ మాట చెప్పేస్తాను.

ఆ రాత్రి స్వరూప నాకు ఫోన్ చేసింది. నేను చూశాను. మోగుతున్న ఫోన్‌ను బోర్లా తిప్పి పెట్టి, అటు తిరిగి పడుకున్నాను.

ఇక మొదటి నుంచీ వినండి.

గోదావరిఖనిలో మంచాన పడ్డ ముసలివాళ్లను ఇంటి దగ్గరే చూసుకోవడానికి మనుషులను పంపే పని నాది. తుడవాలి, తినిపించాలి, మందులు వేయాలి, పక్క మార్చాలి. పక్క మార్చడమంటే, కదలలేని మనిషిని రాత్రంతా కొంతసేపు ఇటు, కొంతసేపు అటు తిప్పి పడుకోబెట్టడం. లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. "రాత్రి మా సూపర్‌వైజర్ వచ్చి చూసిపోతాడు, ఏ అవసరమొచ్చినా ఒక్క ఫోన్ చాలు" అని ఇంటివాళ్లకు చెప్పేవాణ్ని. సూపర్‌వైజర్ వేరే ఎవరూ లేరు. నేనే. అన్నం తిని పడుకున్నాక నేను గడప దాటింది లేదు.

రాజయ్య కాకది కాలనీలో చివరి వరస క్వార్టర్. బొగ్గుగనిని మేం బాయి అంటాం. బాయిలో బతుకంతా పనిచేసిన మనిషి. పక్షవాతమొచ్చి ఒక పక్క పడిపోయింది. మాట కూడా పోయింది. ఏమడిగినా "ఊఁ" అంతే. కొడుకు శ్రీనివాస్ కూడా బాయి పనికే పోతాడు. కోడలు కాన్పుకని కమాన్‌పూర్‌లో తల్లిగారింట్లో ఉంది. శ్రీనివాస్‌కు రాత్రి షిఫ్టు పడ్డ వారాల్లో ముసలాయన దగ్గర ఒక మనిషి కావాలి. స్వరూపను పంపాను.

స్వరూప ఇద్దరు పిల్లల తల్లి. ఎలా తుడవాలో, ఎలా తిప్పాలో రెండు పూటలు చూపించి, ఆకుపచ్చ చొక్కా ఒకటి ఇచ్చాను. మా దగ్గర ట్రైనింగ్ అంటే అంతే.

ఒకరోజు పొద్దున్నే వచ్చి, వాకిట్లోనే నిలబడింది.

"అన్నా, రాజయ్య కాక పక్క నేను మారుస్తలేను."

"మరి ఎవలు మారుస్తున్నరు?"

"తెల్వది. నేను చూసేసరికి మారే ఉంటున్నది. వీపు తడిగ ఉంటున్నది... ఎవలో రుద్ది తుడిసినట్టు."

"నువ్వు చూసేసరికి అంటే? నిద్రపోతున్నవన్నట్టు."

"కన్ను మూతపడుతది అన్నా, అబద్ధమెందుకు? పగలు ఇంకో ఇంటికి పంపుతున్నవు గదా. ఒక్కదాన్నే అంటే భయమైతున్నది. ఎవలనన్న తోడు పంపు."

"దయ్యమొచ్చి చాకిరీ చేస్తుంటే మంచిదే గద స్వరూపా! దానికి కూడ ఓ చొక్కా ఇద్దాం" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు.

ఆ వారంలోనే జరిగింది. డ్యూటీ దిగి వచ్చిన శ్రీనివాస్‌కు ఇంటి తలుపు బార్లా తీసి కనిపించింది. లోపల తండ్రి ఒక్కడే. స్వరూప బయట, వీధి లైటు స్తంభం కింద... చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నాకు ఫోన్ వచ్చింది. బండేసుకుని వెళ్లాను.

"ఈమెను నమ్మి బాపును ఇడిసిపోతి నేను!" శ్రీనివాస్ అరుస్తున్నాడు. ఇరుగుపొరుగు గుమిగూడారు. "ఇంట్ల కుక్క దూరినా అడిగేటోళ్లు లేరు!"

"లోపల ఎవలో ఉండిరి శ్రీనన్నా. కాక వీపు రుద్దుతుండిరి. సప్పుడు ఇన్న. తిరుపతన్నకు ఫోన్ కూడ చేసిన, అడుగు."

అందరూ నా వైపు తిరిగారు.

"నాకు ఒక్క ఫోన్ కూడ రాలె" అన్నాను.

ఆమె తన ఫోన్ పైకెత్తింది. రాత్రంతా లైటు వేసుకుని నిలబడినట్టుంది, చార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది. నల్లటి ఆ అద్దం వంక ఒకసారి, నా మొహం వంక ఒకసారి చూసింది. వెళ్లిపోయింది. ఈ పని చేసేవాళ్లందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పేషెంటును ఒంటరిగా వదిలి పారిపోయింది, ఎవరూ పని ఇవ్వొద్దు అని అందులో పెట్టాను. ఎవరూ ఇవ్వలేదు కూడా.

అంత త్వరగా ఇంకో మనిషి దొరకలేదు. ఆ వారం మిగిలిన రాత్రులు నేనే కూర్చోవాల్సి వచ్చింది.

మొదటి రాత్రి ఏమీ కాలేదు. నాలో నేనే నవ్వుకున్నాను.

రెండో రాత్రి... కాకను గోడ వైపు తిప్పి పడుకోబెట్టాను. వీపు నా వైపు. నడుముకు దిండు పెట్టాను. బకెట్ కడిగి స్నానాలగదిలో బోర్లించాను. తలుపు దగ్గర గోడకు ఆనించి కుర్చీ వేసుకున్నాను. పుండ్లు పడకుండా ఆయనకు గాలి పరుపు వేశారు. దాని మోటారు గుర్రుమంటూనే ఉంది. దూరంగా ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మోసే డంపర్లు వెనక్కి వస్తున్న కూత. కీక్... కీక్... కీక్...

కరెంటు పోయింది.

మోటారు ఆగింది. అది ఆగాక గానీ తెలియలేదు, అప్పటిదాకా గదిలో ఎంత చప్పుడు ఉండేదో. ఫ్యాను మెల్లగా... మెల్లగా... ఆగింది. డంపర్ల కూత కూడా ఎందుకో వినిపించలేదు.

టప్.

నల్లా కారుతోందనుకున్నాను.

టప్... టప్... ఆ తర్వాత గుడ్డ పిండినట్టు ఒక్కసారిగా నీళ్లు కారిన చప్పుడు. బకెట్లోకి.

చప్పుడు స్నానాలగది నుంచి రావడం లేదు. మంచం దగ్గర నుంచి వస్తోంది.

సర్... సర్... సర్...

తడి గుడ్డతో మనిషి వీపు రుద్దితే వచ్చే చప్పుడు అది. నేను పొరబడటానికి లేదు. నా బతుకుతెరువే అది. మెడ కింద మొదలై నడుము దాకా వస్తుంది. ఆగుతుంది. మళ్లీ మెడ కింద నుంచి. తొందర లేదు. అలవాటైన చెయ్యి. మా మనుషులు ఎవరూ అంత ఓపికగా రుద్దగా నేను చూడలేదు... నాతో సహా.

వాసన కూడా వచ్చింది. తడిసిన బొగ్గు వాసన. దాని వెంట ఎర్ర సబ్బు వాసన. ఆ ఇంట్లో ఎర్ర సబ్బు లేదు.

ఫోన్ జేబులోనే ఉంది. లైటు వేస్తే అయిపోతుంది. చెయ్యి జేబు దాకా వెళ్లింది... లోపలికి పోలేదు. ఎందుకంటే, లైటు వేస్తే కనిపిస్తుంది.

రుద్దడం ఆగింది.

అప్పుడు రాజయ్య కాక మాట్లాడాడు. మాట పోయిన మనిషి. ముసలి గొంతు కాదు అది. పని దిగి నవ్వుతూ వచ్చే వయసు మనిషి గొంతు.

"ఇగ చాల్‌రా... నువ్వు తిరుగు. నీ వీపు నేను రుద్దుత."

అంతే. ఇంకేం లేదు. అడుగుల చప్పుడు లేదు. ఊపిరి చప్పుడు లేదు. కానీ మంచానికీ నా కుర్చీకీ నడుమ ఉన్న చీకటి... ఎలా చెప్పాలి... కొంచెం ఇటు తిరిగినట్టు అనిపించింది. నా రెండు భుజాల మధ్య చల్లగా ఏదో తగిలింది. నా వెనక గోడ తప్ప ఏమీ లేదు.

బయటికి ఉరికాను.

స్తంభం దగ్గర ఆగాను. స్వరూప నిలబడ్డ చోటే. చొక్కా వీపంతా తడిసి ఉంది. చెమటే అనుకున్నాను. ఇప్పటికీ చెమటే అనుకుంటున్నాను.

కాలు కదపలేని ముసలాయన లోపల ఒక్కడే ఉన్నాడు. పరుపులో గాలి దిగుతూ ఉంటుంది. జారి పడితే లేపే దిక్కు లేదు. అన్నీ నాకు తెలుసు. అయినా గేటు దాటి ఒక్క అడుగు లోపలికి వేయలేదు. ఎవరికైనా ఫోన్ చేద్దామని తీశాను. ఎవరికి చెయ్యాలి? రాత్రి ఏ అవసరమొచ్చినా చెయ్యమని మేం ఇచ్చే నంబరు నాదే.

వెలుగు వచ్చాకే లోపలికి వెళ్లాను. కాక గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు... నా వైపు తిరిగి. గోడ వైపు పడుకోబెట్టిన మనిషి. నడుము దగ్గర పెట్టిన దిండు ఇప్పుడు మోకాళ్ల నడుమ ఉంది. అక్కడే ఉండాలి కూడా. నేనే మరిచాను. చొక్కా ఎత్తి వీపు చూశాను. తడిగా, శుభ్రంగా ఉంది. దుప్పటి అంచున నల్లటి మరక ఒకటి ఉంది. గోదావరిఖనిలో బొగ్గు దుమ్ము పడని ఇల్లు ఏది? స్నానాలగదిలోకి వెళ్లాను. బకెట్ నేను బోర్లించినట్టే ఉంది. పొడిగా.

శ్రీనివాస్ వచ్చి తండ్రి వీపు చూశాడు.

"గిదీ పనంటే! గామె ఉన్నప్పుడు ఎట్లుండెనో ఏందో. అన్నా, చాయ్ తాగి పో."

చాయ్ తాగాను.

పోయేముందు మాటల్లో మాటగా అడిగాను. "బాపుకు బాయిల దోస్తులు ఎవలన్న ఉండిరా?"

"దోస్తులంటే... కొమురయ్య కాక ఉండె. పని దిగినంక నల్లాల కాడ ఒకలి వీపు ఒకలు రుద్దుకుందురట. వీపుకు మన చెయ్యి మనకు అందదు గద."

"ఎప్పుడు పోయిండు?"

"పోవుడేంది? బెల్లంపల్లిల ఉన్నడు. మొన్ననే ఫోన్ల మాట్లాడిన. మోకాళ్లు పోయినయి, గడప దాటడు. బాపు ఎట్లున్నడని ఏడ్సిండు."

బతికే ఉన్నాడు! చచ్చిపోయాడని చెప్పి ఉంటే నాకు ఒక సమాధానం దొరికేది.

తెలిసిన డాక్టరును అడిగాను. పక్షవాతంలో ఒక్కోసారి పోయిన మాట ఉన్నట్టుండి వస్తుందన్నాడు. గాలి దిగిన పరుపు మీద మనిషి వాలిపోవచ్చన్నాడు. దిండు సంగతి అడిగితే, మీరే పెట్టి మరిచిపోయి ఉంటారన్నాడు. కావచ్చు. ఆ తర్వాతి రాత్రుల్లో ఇంకొకణ్ని తోడు తీసుకువెళ్లాను. ఏ చప్పుడూ లేదు. ఏమిటో అది... నాకు తెలియదు. ఇప్పటికీ వీపు మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఉలిక్కిపడతాను.

కానీ నన్ను నిద్ర పోనివ్వనిది అది కాదు. స్వరూప బసంత్‌నగర్‌లో లారీ డ్రైవర్ల మెస్సులో రొట్టెలు చేస్తోందని, పిల్లలను తల్లి దగ్గర వదిలిందని ఎవరో చెప్పారు. ఆ సాయంత్రమే శ్రీనివాస్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. ఫోన్ సంగతి కూడా.

శ్రీనివాస్ కుర్చీ నా ముందుకు లాక్కుని కూర్చున్నాడు.

"అంటే, మా బాపును ఇడిసి నువ్వు కూడ ఉరికినవా?"

"ఉరికిన."

"నువ్వు ఉరికితే సర్వీసు, ఆమె ఉరికితే తప్పా? సిగ్గులేదా అన్నా నీకు?" అతనే లేచాడు. "నేను కూడ నలుగురి ముందర తిట్టిన ఆమెను. బండి తియ్. నేను కూడ వస్త."

మెస్సులో పొయ్యి ముందు కూర్చుని ఉంది స్వరూప. పక్కన ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. నన్ను చూసి రొట్టెలు ఒత్తే కర్ర ఆపలేదు.

"ఏంది తిరుపతన్నా, గింత దూరం వస్తివి? ఓ ఫోన్ కొట్టకపోయినవా... ఓ, నీకు ఫోన్లు రావు గదా."

పక్కనున్న వాళ్లు నవ్వారు. నేను నిలబడే ఉన్నాను.

"కాక ఎట్లున్నడు?" అని శ్రీనివాస్‌ను అడిగింది.

"మంచిగనే ఉన్నడు అక్కా."

అప్పుడు గొంతు తగ్గించి నన్నడిగింది. "నువ్వు కూడ రాత్రి కాక కాడ కూసున్నవట గద. ఇనబడ్డదా?"

"ఇనబడ్డది."

కర్ర పీట మీద పెట్టి, పిండి చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఎన్నాళ్ల నుంచో బిగబట్టిన ఊపిరి వదిలినట్టు వదిలింది.

నేను ఆ గచ్చు మీదే కూర్చున్నాను. శ్రీనివాస్‌కూ, ఆ ఇద్దరికీ, బయట బల్ల మీద తింటున్న డ్రైవర్లకూ వినిపించేలా చెప్పాను.

"స్వరూపా, ఆ రాత్రి నువ్వు ఫోన్ చేసినవు. నేను మేల్కొనే ఉన్న. చూసి కూడ ఎత్తలె. పొద్దున అందరి ముందర అబద్ధం చెప్పిన. నువ్వు ఇడిసిపెట్టి పోలె, నేనే నిన్ను ఒక్కదాన్ని ఇడిసిపెట్టిన. తప్పు నాది. మాఫ్ చెయ్యి."