నీడకు పన్ను వేసిన రాజు

మాఘ బహుళ చవితి. పొద్దున మంచు, తర్వాత పలచని ఎండ. పెరటి కంచె సరిచేశాను.

మధ్యాహ్నం చింతచెట్టు కింద చింతపండు గింజలు తీస్తూ, పక్కింటి ఎంకమ్మత్త కథ ఎత్తుకుంది. చెట్టు నీడలో కూర్చున్నవాళ్లకు పన్ను వేసిన రాజు కథ. మా కొంటా ఊళ్లో ఎవరైనా ఊఁ కొడుతుంటేనే కథ సాగుతుంది. నలుగురం కొడుతున్నాం. ఇంతలో అడవికి కాపలా ఉండే సంస్థానం జంగిల్ గార్డు వచ్చి అదే నీడలో కూర్చున్నాడు. రాజును వెక్కిరించినందుకు అత్తను పట్టుకుపోతాడేమోనని అందరం ఊఁ కొట్టడం మానేశాం.

"ఏందిరా, నోళ్లు పడిపోయినయా? రాజు ఎండల నిలబడ్డడు. ఆడనే ఉండమంటరా?" అంది అత్త.

ఎండలో ఒంటరిగా నిలబడ్డ ఆ రాజు నాకు కలలోలా కనిపించాడు. నేను మాట్లాడేదే తక్కువ. అయినా "ఊఁ" అనేశాను.

గార్డు లేచాడు. అతను మెల్లగా నడిచి ఎండలోకి పోయి కూర్చున్నాడు.

"పన్ను కట్టనీకి నా తాన పైసల్లేవు అవ్వా. చెప్పు, ఆగే ఏమైంది, తర్వాత?" అన్నాడు, మొహంలో నవ్వన్నదే లేకుండా.

పగలబడి నవ్వించే హాస్యం కంటే నాకు ఇలాంటిదే ఇష్టం. మరి మీకు? సాయంత్రం ఆవుకు కుడితి పెట్టాను.