నడిపిందెవరో రాయించిన మనిషి

మా ఎదురింటి డ్రైవర్ సాబ్ పోయిన మంగళవారం ఉదయం కన్నుమూశారు. నేను కంపెనీలో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసి, "ఎదురింటాయన పోయారండీ" అంది. వెంటనే ఫోన్ పెట్టేసింది. టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఒరిగారట. మధ్యాహ్నానికల్లా కాలనీ వాట్సాప్ గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలే. ఆ బొమ్మలు పంపినవాళ్ళలో సగం మంది, కారు అడ్డంగా పెట్టినందుకు ఎప్పుడో ఒకప్పుడు ఆయన చేత చీవాట్లు తిన్నవాళ్ళే. నేనైతే గృహప్రవేశం రోజునే తిన్నాను.

ఆయన ముప్పై రెండేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. మా కాలనీ మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మధ్య ఉంటుంది. నేను అక్కడికి దగ్గర్లోని ఒక మందుల కంపెనీలో నాణ్యత చూసే విభాగంలో పనిచేస్తాను. కోస్తా నుంచి వచ్చినవాళ్ళం. ఆయన నన్ను "సారూ" అని పిలుస్తూనే "నువ్వు" అనేవారు. ఆ రెండూ ఒకే వాక్యంలో ఇమడడం మాకు అలవాటు కావడానికి రెండేళ్ళు పట్టింది. మా ఇంటి కాఫీ తాగి, "గిది కాఫీ గాదు సారూ, కషాయం" అనేవారు, అయినా గ్లాసు ఖాళీ చేసేవారు. నాకు ఆయన మొదట్లో నచ్చలేదు. ఆ మాట ఇప్పుడు దాచుకుంటే ఆయనే ఒప్పుకోరు.

పొద్దున్నే భుజాన తువ్వాలు వేసుకుని, వెదురు కర్రతో వీధిలో ఉన్న ప్రతి కారు టైరునీ కొట్టి చూడడం ఆయన అలవాటు. డిపోలో బస్సు ఎక్కేముందు అలాగే చూసేవారట. గాలి తగ్గితే శబ్దంలోనే తెలిసిపోతుందనేవారు. తర్వాత కారు యజమాని గేటు ముందు నిలబడి పిలిచి మరీ చెప్పేవారు. ఆదివారం కాస్త ఆలస్యంగా లేద్దామనుకునేవాళ్ళకి ఇది పెద్ద తలనొప్పి. ఇంకొకరు నడిపే కారులో కూర్చుంటే ఆయన కుడికాలు ఊరుకునేది కాదు, లేని బ్రేకుని తొక్కుతూనే ఉండేది. "ఉరికిచ్చుడు ఇంజన్ పని, ఆపుడు మనిషి పని" అని ఎవరికి పడితే వాళ్ళకి చెప్పేవారు. అందరం తలూపేవాళ్ళం.

మూడేళ్ళ క్రితం సంగతి. అప్పుడు మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, వాడికి పదిహేడేళ్ళు. కారు నేర్పింది నేనే. పదహారు నిండకముందే, ఖాళీ ప్లాట్ల మధ్య మట్టిరోడ్ల మీద నేర్పాను. "మావాడు నాకంటే బాగా నడుపుతాడండీ" అని ఆఫీసులో గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా. ఆదివారం తెల్లవారగానే కొంపల్లిలో షటిల్ ఆటకని వాడు కారు తీసుకెళ్ళేవాడు. ఆ వేళకి రోడ్డు మీద ఎవరుంటారులే అని తాళం నేనే ఇచ్చేవాణ్ణి.

ఒక సోమవారం డ్రైవర్ సాబ్ గేటు ముందు నిలబడ్డారు. "సారూ, నీ బండి ముందల టైర్లు గిట్లెందుకు అరుగుతున్నయ్? ఎవలు నడుపుతున్నరు?"

"నేనేనండీ" అన్నాను.

"నువ్వు గట్ల నడపవు. టైరు అబద్ధమాడది."

నాకు ఒళ్ళు మండింది. అయినా కారు తీసుకెళ్ళి చక్రాలు సరిచేయించాను. నెల తిరక్కుండా ఆయన మళ్ళీ అదే మాటన్నారు. ఇంకో దుకాణంలో చేయించాను. ఆ దుకాణం కుర్రాడు చక్రాలు బానే ఉన్నాయంటే, వాడికి పని రాదని మూడో చోటికి వెళ్ళాను. అప్పుడు డ్రైవర్ సాబ్ నవ్వి, "దుకాణాలు మారుస్తున్నవ్ గని, నడిపెటోన్ని అడుగుత లేవు" అన్నారు. అడగలేదు. తెలియక కాదు, తెలుస్తుందేమోనని. మా ఆవిడ మాత్రం ఒకసారి, "షటిల్ ఆడొచ్చినవాడి చొక్కాకి చెమటే ఉండట్లేదు" అంది. చలికాలం కదా అన్నాను.

నలుగురు స్నేహితులు, నలుగురు తండ్రుల కార్లు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన శామీర్‌పేట వైపు వెళ్ళే సర్వీసు రోడ్డు మీద ఆదివారాలు పందేలు వేసుకునేవారని నాకు తెలిసింది ఫోను వచ్చిన రోజునే. "నాన్నా, ఒకాయనకి తగిలింది" అన్నాడు. ఇంట్లో ఇంకో బండి లేదు. డ్రైవర్ సాబ్ తన పాత స్కూటర్ తీసి, ఏమీ అడగకుండా నన్ను ఎక్కించుకున్నారు.

మేము వెళ్ళేసరికి అంబులెన్సు వెళ్ళిపోయింది. దెబ్బ తగిలింది పాలు పోసే ఆయనకి. మోపెడ్ కాలువలో పడి ఉంది, రోడ్డంతా పాలు. మిగిలిన మూడు కార్లూ ఎప్పుడో మాయమయ్యాయి. మావాడు ఒక్కడే రోడ్డు పక్కన కూర్చుని వణుకుతున్నాడు. పోలీసులు వచ్చి, "బండి ఎవలు నడిపిండ్రు?" అని అడిగారు. నా నోట్లోంచి ఒక్క క్షణం ఆలస్యం లేకుండా వచ్చింది. "నేనేనండీ."

పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయి. వాడి బతుకు పాడైపోతుంది. నాదేముంది, ఏదో పడతాను. అప్పుడు నా తలలో ఉన్నవి ఇవే. ఇంకేమీ లేవు, కాలు విరిగిన ఆ మనిషి కూడా లేడు. పోలీసు డ్రైవర్ సాబ్ వైపు తిరిగి, నువ్వు చూశావా అని అడిగాడు. ఆయన నన్ను కాకుండా మా అబ్బాయినే చూస్తూ, "నేను ఎనకొచ్చిన. ఏం జూడలే" అన్నారు. అది నిజమే. స్కూటర్ తీసుకుని ఒక్కరే వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం మావాడు కడుపునిండా అన్నం తిన్నాడు. మేడ మీద ఫోన్లో ఎవరితోనో, "ఏం టెన్షన్ లేదురా, మా నాన్న చూసుకున్నాడు" అంటుంటే మెట్ల మీద విన్నాను. గొంతులో భయం లేదు, చిన్న నవ్వు కూడా ఉంది. నేను పైకి వెళ్ళలేదు. మెట్లు దిగి వచ్చి టీవీ ముందు కూర్చున్నాను.

నాలుగో రోజు కారు స్టేషన్ నుంచి ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున్న కిటికీలోంచి చూస్తున్నాను. డ్రైవర్ సాబ్ పక్కింటి కారు టైర్లు కొట్టారు. మా కారు దాటుకుని అవతలి కారు దగ్గరికి వెళ్ళారు. నేను బయటికొచ్చి, మాది చూడలేదేమండీ అని అడిగాను. గొంతు కొంచెం పెద్దదే చేశాను.

"డ్రైవర్ ఎవలో రాయకుండ మా డిపోల బండి గేటు దాటకపోతుండె సారూ. నీ బండికి డ్రైవర్ ఎవలు? తెల్వనప్పుడు నేనేం జూడాలె?"

"పిల్లాడి జీవితమండీ..."

"గందుకే చెప్తున్న. నువ్వు నీ పేరు జెప్పినవ్. ఇగ గాడు బతికినన్ని రోజులు నీ పేరు మీదనే నడుపుతడు."

నా ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. పని ఎవరు చేస్తే వాళ్ళే సంతకం పెట్టాలన్నది మా విభాగంలో మొదటి నియమం. ఒకరి పనికి ఇంకొకరు సంతకం పెడితే అది ఎంత మంచి మందైనా బయటికి పోదు. కొత్తగా చేరినవాళ్ళకి ఆ పాఠం చెప్పేది నేనే. ఆ పొద్దున్న ఆఫీసుకి వెళ్ళి, ఎవరి ముఖమూ చూడలేక, కడుపునొప్పి అని చెప్పి ఇంటికొచ్చేశాను.

స్టేషన్‌కి వెళ్ళి నిజం చెప్పేద్దామని మా అబ్బాయికి చెప్తే గోల పెట్టాడు. "అయిపోయింది కదా నాన్నా, మళ్ళీ ఎందుకు?" మా ఆవిడ అన్నం మానేసింది. తను నన్ను వదిలేసి నేరుగా ఎదురింటికి వెళ్ళింది. నేను వెనకే పరుగెత్తాను. "మీ పిల్లాడైతే ఇలాగే చేసేవారా?" అని అడిగింది, ఏడుస్తూ.

డ్రైవర్ సాబ్ లేచి తన కుర్చీ ఆవిడ వైపు జరిపారు. తర్వాత, "నా పిల్లగాడైతే నేను గూడ అబద్ధమే ఆడుదును బిడ్డా. గందుకే ఎదురింటోడు ఉండాలె" అన్నారు.

ఆ మాటకి మా ఆవిడ శాంతించిందని రాయలేను. తను ఏడాది పాటు ఆ గడప తొక్కలేదు.

స్టేషన్‌కి నేనూ మావాడూ వెళ్ళాం. రమ్మనకపోయినా డ్రైవర్ సాబ్ స్కూటర్ మీద వచ్చి బయట బల్ల మీద కూర్చున్నారు. లోపల రాసేవాడు విసుక్కున్నాడు. "మొన్న నేనన్నవ్, ఇయ్యాల కొడుకంటున్నవ్. ఎల్లుండొచ్చి భార్య అంటవా సారూ?" తర్వాత మావాడిని అడిగాడు, ఎవరు నడిపారని. వాడు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను, అంతకంటే ఏం చేయాలో తెలియక. చివరికి వాడు "నేనే" అన్నాడు. వినపడలేదు, మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాడు.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. పిల్లాడికి కారిచ్చినందుకు నా మీద కేసు నడిచింది. కారు ఏడాది పాటు రోడ్డెక్కలేదు. అబ్బాయి బాలల బోర్డు ముందు నిలబడ్డాడు, ఇరవై ఐదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదన్నారు. పాలాయన వైద్యం మేమే చూసుకున్నాం. ఆయన కాలు అతికింది కానీ, మోకాలు వంగకుండా అయిపోయింది. పరీక్షలు మావాడు మామూలుగానే రాశాడు, మామూలుగానే వచ్చాయి.

ఆసుపత్రికి మావాడిని మొదటిసారి తీసుకెళ్ళింది డ్రైవర్ సాబే. "ఏం మాట్లాడకు. పోయి కూసో" అన్నారట. పాలాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడట. గంటసేపు కూర్చుని వచ్చేశారు. మళ్ళీ వారం మళ్ళీ వెళ్ళారు. నాలుగో వారమో అయిదో వారమో ఆయన, "నీళ్ళ సీసా ఇయ్యి" అన్నాడని మావాడు ఇంటికొచ్చి చెప్పాడు. అంతకుమించి వాళ్ళ మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు, అడగలేదు కూడా. పాలాయన ఇంటికి చేరాక కూడా వీళ్ళిద్దరూ ఆదివారాలు వెళ్తూనే ఉన్నారు.

డ్రైవర్ సాబ్ భార్య, ఎదురింటి పెద్దమ్మ, ఒకరోజు సర్వపిండి పంపింది. మా ఆవిడ ఆ గిన్నెని రెండ్రోజులు గట్టు మీదే పెట్టుకుని, మూడో రోజు పులిహోర పెట్టి తనే తీసుకెళ్ళింది. ఆ తర్వాత రాకపోకలు మామూలయ్యాయి. కానీ వాడి సంగతి మాత్రం బయట ఎవరికీ చెప్పేది కాదు. బంధువులు ఎవరైనా, ఇంత పెద్దవాడయ్యాడు, కారు నడపడా అని అడిగితే, "వాడికి డ్రైవింగ్ అంటే ఇష్టం లేదండీ" అనేది. నేను పక్కనే ఉండి విని ఊరుకునేవాణ్ణి. డ్రైవర్ సాబ్ చేసిన మేలు నేనెంత అర్థం చేసుకున్నానో చెప్పడానికి ఆ ఊరుకోవడం చాలు.

బుధవారం అంత్యక్రియలు. ఇంటి ముందు డప్పులు మోగుతున్నాయి. శ్మశానం రెండు కిలోమీటర్లు. వైకుంఠ రథం ముందు, వెనక కాలనీ కార్లు. కాలనీ సెక్రటరీ హడావుడిగా వచ్చి, మా అబ్బాయి చేతిలో తన కారు తాళం పెట్టి, "బాబూ, పెద్దవాళ్ళు నలుగురిని ఎక్కించుకుని రా, ఎండలో నడవలేరు" అన్నాడు. మా ఆవిడ గబుక్కున ముందుకొచ్చి, "వాడికి ఇష్టం..." అని మొదలుపెట్టింది.

"నాకు లైసెన్సు లేదంకుల్" అన్నాడు మావాడు. డప్పులు మోగుతున్నాయి కాబట్టి గట్టిగానే అనాల్సి వచ్చింది. "ఇంకో అయిదేళ్ళు రాదు. పదిహేడేళ్ళప్పుడు రేస్ చేస్తూ ఒకాయన్ని గుద్దాను."

చుట్టూ ముప్పై మంది ఉంటారు. మా ఆవిడను చూశాను. తను వాడి మాట ఆపలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, వాడి చేతిలోని తాళం తీసుకుని సెక్రటరీకి తిరిగిచ్చింది. నా గుండె నిండిపోయిందని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

గేటు పక్కన నిలబడి ఉన్న పాలాయన అంతా విన్నాడు. తన మోపెడ్ స్టార్ట్ చేసి, మావాడి ముందుకు తెచ్చి ఆపి, "ఎక్కు. పట్టుకొని కూసో" అన్నాడు.

రథం మనిషి నడకంత మెల్లగా కదిలింది. దాని వెనక మోపెడ్. నడుపుతున్న ఆయన వంగని కాలు పక్కకి చాచి ఉంది. వెనక కూర్చున్న మావాడు, తన కాళ్ళు ఆ కాలికి తగలకుండా, దారి పొడుగునా ఎత్తి పట్టుకునే ఉన్నాడు.